చేసినవారే వ్రాసిన పత్రిక

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, మేరీలాండు రాష్ట్రమునందలి బాల్టిమోరు నగరమున 1972వ సంవత్సరములో ఒక చిన్న పత్రిక వెలువడ నారంభించినది. దాని పేరు 'సినిమాజిక్'. సంపాదకుడు డాన్ డోహ్లరు అను ఇరువదియారేండ్ల యువకుడు. తారల ముచ్చటలకు గాని, కొత్త చిత్రముల గుణదోష విమర్శకు గాని ఆ పత్రిక పుట్టలేదు. ఇంటియొద్ద చిన్న కెమెరాతో చిత్రములు తీసుకొను ఔత్సాహికులు, స్టూడియోల సహాయము లేకయే, మాయాదృశ్యములను తమ చేతులతో ఎట్లు కల్పించుకొనవచ్చునో చెప్పుటకే అది పుట్టినది. రాక్షసుని ముఖమునకు రబ్బరు తొడుగు పోతపోయుట యెట్లు, బొమ్మకు కీళ్లమర్చి నడిపించుట యెట్లు, మాదిరి భవనమును నిజమైన భవనమువలె చూపుట యెట్లు - ఇట్టి విషయములే దాని పుటలకు సరుకు.

భాషాల్పసంఖ్యాకుల సంఘము నడుపు ఈ వారపత్రికలో ఆ పత్రిక ప్రసక్తి యేలయని పాఠకమహాశయులు ప్రశ్నింపవచ్చును. మన పుటలలో సాధారణముగా కనబడునవి తెలుగు పాఠశాలల స్థితిగతులు, ఉపాధ్యాయుల ఖాళీలు, ప్రభుత్వములకు పంపు వినతిపత్రములు, సన్మానసభల వార్తలు. ఇవి యవసరములే; వీనిని తగ్గింపవలయునని మేము చెప్పము. కాని ఒక భాష పరాయి గడ్డపై నిలుచుటకు ఇవి మాత్రమే చాలవనియు, చేతిపనిని గూర్చి చేసినవారే తమ భాషలో వ్రాసికొను అలవాటు కూడ ఉండవలయుననియు మా యభిప్రాయము. ఆ యభిప్రాయమునకు 'సినిమాజిక్' చరిత్ర మంచి నిదర్శనము గనుక, దానిని కొంత వివరముగ చెప్పెదము.

1965లో కోడాక్ సంస్థ 'సూపర్ 8' అను ఫిల్మును ప్రవేశపెట్టినది. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు గల యీ ఫిల్ము ఒక చిన్న డబ్బీలో అమర్చబడి వచ్చెడిది. ఆ డబ్బీని కెమెరాలో దూర్చిన చాలును. డబ్బీ యొకటికి 50 అడుగుల ఫిల్ము. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీసినచో అది 3 నిమిషముల 20 సెకనులు వచ్చును. 24 ఫ్రేముల చొప్పున తీసినచో రెండున్నర నిమిషములు మాత్రమే. మధ్యతరగతి కుటుంబములవారు పుట్టినరోజు వేడుకలను, విహారయాత్రలను తీసికొనుటకు దీనిని కొనిరి. ఆ యిండ్లలోని పిల్లలు ఆ కెమెరానే చేతబట్టి భూతములను, గ్రహాంతరవాసులను సృష్టింప బూనిరి. కోరిక యున్నది, కెమెరా యున్నది. విద్య మాత్రము కొరవడినది. పసరువైద్యుడు ఆకు పేరు చెప్పనట్లు, పెద్ద స్టూడియోలలోని ట్రిక్కు పనివారు తమ కిటుకులను సులభముగ బయటపెట్టెడివారు కారు. 1958లో మొదలైన 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్' అను పత్రిక భూతచిత్రముల బొమ్మలను ముద్రించి, వానిని చేసిన కళాకారుల పేర్లను తెలిపి, ఈ పిల్లలలో ఆశను రేపినది. అయితే పనిని మెట్టుమెట్టుగా నేర్పుట దాని ముఖ్యోద్దేశము కాదు. ఆ ఖాళీలో డోహ్లరు తన పత్రికను నిలిపెను.

డోహ్లరు హాలీవుడ్డు మనిషి కాడు. అంతకు ముందు, ఇంకను బాలుడుగా నున్నప్పుడే, 'వైల్డ్' అను వ్యంగ్య చిత్రపత్రికను స్వయముగ నడిపినవాడు. తరువాత 1992లో పులిట్జరు బహుమానము పొందిన చిత్రకారుడు ఆర్ట్ స్పీగల్‌మన్ తొలినాటి బొమ్మలు కొన్ని ఆ బాలుని పత్రికలో వెలువడినవే. చిన్న పత్రికను తన చేతితో నడుపు అలవాటు ఆనాటినుండియే అతనికి గలదు. 'సినిమాజిక్' కూడ అట్లే నడచినది. 1972 మొదలు 1979 వరకు అతని చేతిమీదుగా వెలువడినవి పదునొకండు సంచికలు మాత్రమే. ఏడాదికి రెండు సంచికలైనను సరిగా రాలేదన్నమాట. అయినను ఆ పదునొకండు సంచికలే దేశము నలుమూలల నున్న ఒంటరి పిల్లలకు ఒక పాఠశాలయై పోయినవి. ఆ తరువాత న్యూయార్కులోని 'స్టార్‌లాగ్' పత్రిక ప్రకాశకులు దానిని తీసికొని, పెద్ద హంగులతో 1987 వరకు నడిపిరి.

ఆ పత్రిక విలువ యెక్కడ నున్నదో పరిశీలింతము. అందులో వ్రాసినవారిలో పెక్కుమంది తామే ఆ పనిని చేసి, చెడగొట్టి, మరల చేసి చూచుకొన్నవారు. పుస్తకములు చదివి వ్రాసినవానికిని, చేసి వ్రాసినవానికిని భేదము ఇట్టి విద్యలో వెంటనే తెలిసిపోవును. బొమ్మను కొంచెము కొంచెము కదపుచు, కదపినప్పుడెల్ల ఒక్కొక్క ఫ్రేమును తీయుటచే ఆ బొమ్మ నడచినట్లు కనబడునని యెవరైనను చెప్పగలరు. సెకనుకు 24 ఫ్రేములు గనుక, బొమ్మ ఒక నిమిషము నడచుటకు 1440 మారులు దానిని కదపవలసియుండునని లెక్క కట్టుటయు సులభమే. కాని బొమ్మ లోపల వెన్నెముకగా పెట్టిన తీగె పదే పదే వంచుటచే పని నడుమ తటాలున విరిగిపోవుననియు, అప్పుడు అంతవరకు చేసినదంతయు వ్యర్థమగుననియు, అందుచేత ఒంటితీగెకు బదులు రెండు మూడు సన్నని తీగెలను పెనవేసి పెట్టవలయుననియు చెప్పువాడు ఒకసారియైనను ఆ నష్టమును పొందినవాడై యుండవలయును. రబ్బరు నురుగును అచ్చులో పోసి పొయ్యిలో సన్నని వేడిమిపై గంటలకొలది కాల్చవలయునని చెప్పుట ఒకటి. వేడి యెక్కువైనచో ఏమగునో, నురుగు పట్టులేక కూలిపోయినచో ఏమి చేయవలయునో చెప్పుట మరియొకటి.

లేమిచే పుట్టిన ఉపాయములు ఈ విద్యలో చాల గలవు. ఒకే మనిషిని రెండు చోట్ల చూపుటకు పూర్వము ఫిల్ములో సగభాగమును నల్లని కాగితముతో మూసి ఒకసారి తీసి, ఫిల్మును వెనుకకు చుట్టి, రెండవ సగమును మూసి మరల తీసెడివారు. కాని సూపర్ 8 డబ్బీలోని ఫిల్మును ఆ విధముగ కావలసినంత వెనుకకు చుట్టుటకు వీలులేదు. సౌకర్యమునకై చేసిన డబ్బీయే ట్రిక్కులకు అడ్డమైనది. కావున ఔత్సాహికులు ఒకే దెబ్బలో ముగియు మార్గములను వెదకిరి. అట్టి వానిలో నొకటి, కెమెరా ముందు దగ్గరగా ఒక గాజుపలకను నిలిపి, దానిపై కొండకోటను చిత్రించి, క్రింది భాగమును ఖాళీగా విడిచి, ఆ ఖాళీ గుండ నిజమైన పొలమును, మనుష్యులను కనబడనిచ్చుట. చిత్రించిన కోట, నిజమైన పొలము ఒకే ఫ్రేములో పడును. మరియొకటి, చిన్న మాదిరి గోపురమును కెమెరాకు దగ్గరగా వ్రేలాడగట్టి, దూరముననున్న నిజమైన గోడపై అది నిలిచినట్లు కన్ను మోసపోవునట్లు సరిచూచుట. దగ్గరి వస్తువును, దూరపు వస్తువును రెండును స్ఫుటముగ కనబడుటకు కటకపు రంధ్రమును చిన్నది చేసి, వెలుతురును పెంచవలయును. ఎండ వెలుతురు ఉచితముగా లభించును గనుక పేదవాని ట్రిక్కులు చాలవరకు ఆరుబయలనే జరిగినవి.

ఈ పత్రికను చదివినవారు ఏమైరి? డోహ్లరు తానే 1978లో 'ది ఏలియన్ ఫ్యాక్టర్' అను చిత్రమును, తరువాత 'ఫీండ్', 'నైట్‌బీస్ట్' మొదలగువానిని తన ఊరి మిత్రులతో, కొలది పెట్టుబడితో తీసెను. అవి గొప్ప కళాఖండములని మేము చెప్పజాలము. 'ఏలియన్ ఫ్యాక్టర్'లో బొమ్మను కదలించిన ఎర్నెస్ట్ ఫారినో మాత్రము ఆ తరువాత హాలీవుడ్డు చేరి 1984 నాటి 'ది టెర్మినేటర్' చిత్రమునకు పేర్ల దృశ్యమును కూర్చెను. 1982 నాటి 'నైట్‌బీస్ట్'కు సంగీతములో కొంత భాగము సమకూర్చినవాడు జెఫ్రీ అబ్రామ్స్ అను పదునారేండ్ల బాలుడు. అతడు 'సినిమాజిక్' పాఠకుడు. అతడే నేడు జె. జె. అబ్రామ్స్ అను పేర ప్రసిద్ధుడై, 2009లో 'స్టార్ ట్రెక్', 2015లో 'స్టార్ వార్స్' కథలలోని ఏడవ చిత్రమును తీసిన దర్శకుడు. చిన్న కెమెరాతో చిత్రము తీయు పిల్లల కథనే అతడు 2011లో 'సూపర్ 8' అను పేర చిత్రముగా తీసెను. డోహ్లరు 2006లో కాలధర్మము నొందెను. అతని చిత్రములకంటె అతని పత్రిక చేసిన మేలే హెచ్చని మా తలంపు.

ఇది ఏదో దూరదేశపు వింతయని త్రోసివేయుటకు వీలులేదు. మన దేశమున చలనచిత్రవిద్యకు ఆద్యుడైన దాదాసాహెబు ఫాల్కే చరిత్రలోను ఒక వారపత్రిక ప్రముఖపాత్ర వహించినది. మహారాష్ట్రమునందలి మన సోదరులకు ఆయన కథ బాగుగా తెలిసినదే. ఆయన బొంబాయిలో నుండి లండను నగరపు 'బయస్కోప్' అను వారపత్రికను తెప్పించుకొని చదివెడివారు. 1912లో లండను చేరినప్పుడు, అక్కడ తెలిసినవారెవరును లేక, తిన్నగా ఆ పత్రిక కార్యాలయమునకే పోయి సంపాదకుని దర్శించిరి. ఆ సంపాదకుడు కేబర్న్ దొర ఆయనను సెసిల్ హెప్‌వర్త్ అను నిర్మాతకు పరిచయము చేసెను. ఆ విధముగ ఫాల్కే స్టూడియో పనిని కన్నులార చూడగలిగిరి. తిరిగివచ్చిన పిదప ఆయన తీసిన తొలి ప్రయోగము, కుండలోని గింజ మొలకయై తీగెయై పెరుగుటను దినమునకు కొంచెము చొప్పున ఫిల్ముపై పట్టిన చిన్న చిత్రము. అదియు ఇంటిలో చేసిన ట్రిక్కే. దానిని చూపియే ఆయన 1913 నాటి 'రాజా హరిశ్చంద్ర'కు పెట్టుబడి సంపాదించిరి. ఒక పత్రిక, చదువరి యొకడు తలుపు తట్టినప్పుడు తలుపు తీసిన ఫలితమిది.

ఇక మన తెలుగువారి సంగతి. తమిళనాట స్థిరపడిన మన వారి కనుల యెదుటనే, మద్రాసు వాహినీ స్టూడియోలో, 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' చిత్రములు తయారైనవి. రెండింటికిని దర్శకుడు కె. వి. రెడ్డిగారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ. 'మాయాబజార్'లోని ద్వారకానగరము ఏబది యడుగుల పొడవు, అరువది యడుగుల వెడల్పు గల స్థలములో సుమారు 300 బొమ్మరిండ్లతో కట్టిన మాదిరి పట్టణమని చెప్పుదురు. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు తమంత తామే ఎగిరిపోవుటను చూచి నవ్వని తెలుగుబిడ్డ యుండడు. 1961 నాటి 'సీతారామ కల్యాణము'లో దశకంఠుని పది తలలను చూపిన రవికాంత నగాయిచ్ ట్రిక్కుల పనిలో పేరు గడించెను. కర్ణాటకమున ఉడుపి ప్రాంతమునందు జన్మించి, కన్నడ చిత్రములతో ఆరంభించి, తెలుగు జానపద చిత్రములకు పెట్టినది పేరైన బి. విఠలాచార్యగారు తక్కువ ఖర్చుతో అస్థిపంజరములను ఆడించిరి. 1978 నాటి 'జగన్మోహిని'లో దయ్యము తన కాలినే కట్టెగా పొయ్యిలో పెట్టి వంట చేసిన దృశ్యము నేటికిని జనుల నోట నున్నది.

ఇంతటి విద్య మనవద్ద నున్నది. దానిని చేసిన వడ్రంగులు, అచ్చుపోత పనివారు, రంగులు వేయువారు, కెమెరా సహాయకులు వందలకొలది యుండిరి. వారిలో నెందరు తాము చేసిన పనిని, కొలతలతో సహా, తెలుగులో వ్రాసిపెట్టిరి? నటుల జీవితచరిత్రలు మనకు కొల్లలు; పాటల పుస్తకములు కొల్లలు. లడ్డూ ఎట్లు ఎగిరినదని అడిగినచో, తలకొకరు తలకొక విధముగ చెప్పుదురు. తెలిసినవారిలో పెక్కుమంది కాలగర్భమున గలిసిరి. ఆ వాహినీ ఆవరణములో కొంతభాగమున నేడు అంతస్తుల బజారు భవనము నిలిచియున్నది. కట్టడములు పోవుటకు మనము విచారింపవచ్చును. కాని పని తెలిసినవాని చేతిలోని విద్య కాగితము మీదికి రాకుండ పోవుట అంతకు మించిన నష్టము. బాల్టిమోరు యువకులు సాధించినది వాహినీ పనివారి ప్రతిభలో నూరవవంతైనను కాకపోవచ్చును. కాని వారు వ్రాసిరి. అందుచే వారి తరువాతివారు వారు ఆగినచోటినుండి బయలుదేరగలిగిరి.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. హోసూరులో గాని, బళ్ళారిలో గాని, బరంపురములో గాని, షోలాపురములో గాని పెరుగుచున్న తెలుగుబిడ్డ నోట నేడు వినబడు తెలుగు ఎట్టిది? రా, పో, తిను, నిద్రపో, అవ్వను పిలువుము - ఇంతవరకు చక్కగానే యున్నది. చదువు రాష్ట్రభాషలోను ఇంగ్లీషులోను సాగును; ఆటలు రాష్ట్రభాషలో సాగును. ఏ వస్తువునైనను చేయవలసివచ్చినప్పుడు ఆ బిడ్డ తెలుగును విడిచి వేరొక భాషలోనికి జారుకొనును. నానబెట్టుట, పిసుకుట, పోతపోయుట, చెక్కుట, అతుకుట, చిత్రికపట్టుట, బిగించుట, ఆరబెట్టుట, పెనవేయుట - ఈ క్రియాపదములు ఆ బిడ్డకు క్రమముగా అపరిచితములగుచున్నవి. నామవాచకములు అరువు తెచ్చుకొన్నను భాష బ్రతుకును. కెమెరాను కెమెరా యనియే పిలువుడు, ఫ్రేమును ఫ్రేము అనియే వ్రాయుడు, అందు దోషము లేదు. క్రియాపదములు పోయిననాడు భాష వంటింటికిని, పెండ్లి పందిరికిని పరిమితమై, ఒకటి రెండు తరములలో అక్కడనుండియు సెలవు తీసికొనును.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యములు కల్పింపవలయునని రాజ్యాంగమునందలి 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేర్చబడినది. ఆ హక్కుకై మన సంఘములు పోరాడుచునే యున్నవి, పోరాడవలయును. తెలుగు పాఠ్యపుస్తకము దొరకుటకు, తెలుగు ఉపాధ్యాయుడు వచ్చుటకు ప్రభుత్వము వైపు చూడవలసినదే. కాని పిల్లవాడు తాను చేసిన వస్తువును గూర్చి తెలుగులో నాలుగు మాటలు వ్రాయుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కరలేదు. అది మన చేతిలోనున్న పని.

తెలుగులో ఇట్టి విషయములు చెప్పుట సాధ్యమాయని సందేహించువారి కొరకు ఒక ఉదాహరణము చూపెదము. మాదిరి మేడను కట్టి, అది కూలిపోవునట్లు తీసినచో, తెరపై అది బొమ్మవలెనే కనబడును, మేడవలె కనబడదు. ఏలయనగా, చిన్న వస్తువు చిన్న యెత్తునుండి పడును గనుక త్వరగా నేల తాకును. పడుటకు పట్టు కాలము ఎత్తును బట్టి మారును. ఎత్తు నాలుగవ వంతైనచో కాలము సగమగును, ఎత్తు పదునారవ వంతైనచో కాలము నాలుగవ వంతగును. అనగా ఎత్తునకు వర్గమూలమును తీసికొనవలయును. కావున పదునారవ వంతు మాదిరిని తీయునప్పుడు కెమెరాను నాలుగు రెట్ల వేగముతో, సెకనుకు 96 ఫ్రేముల చొప్పున నడిపి, తెరపై 24 చొప్పున చూపవలయును. అప్పుడు ఇటుకలు బరువుగా, మెల్లగా రాలినట్లు కనబడును. నేటి సెల్‌ఫోనులు చాలవరకు సెకనుకు 120 ఫ్రేములు తీయగలవు. దానిని 24 చొప్పున చూపినచో అయిదు రెట్లు మెల్లగించినట్లు. అయిదును అయిదుతో హెచ్చింపగా 25. కాబట్టి 25 అడుగుల మేడకు ఒక అడుగు మాదిరి కట్టిన సరిగా సరిపోవును. నీటిని మాత్రము ఇట్లు నమ్మింపజాలము. బొట్టు చిన్నది కాదు గనుక, చిన్న మాదిరిలో బొట్లు గుండ్రాళ్ళవలె కనబడి గుట్టు బయటపడును. వరద దృశ్యమునకు మాదిరిని వీలైనంత పెద్దదిగా చేయవలయును.

ఇందులో కఠినమైన మాట ఎన్ని యున్నవి? వర్గమూలము ఒక్కటియే, అదియు బడిలో చెప్పునదే. ఎనిమిదవ తరగతి పిల్లవాడు దీనిని చదివి, అట్టపెట్టెతో మేడ కట్టి, సాయంకాలమునకు కూల్చివేసి చూచుకొనగలడు. లెక్కల పాఠము, భాషా పాఠము రెండును ఒక్క ఆటలో ముగియును.

దీనికి కొన్ని ఆక్షేపణలు రాగలవు. సినిమా పిచ్చిని సంఘపత్రిక ప్రోత్సహింపవచ్చునా యని మొదటిది. పిల్లలు గంటలకొలది ఇతరులు తీసిన చిత్రములను చూచుట వేరు, తాము నాలుగు సెకనుల చిత్రమునకై ఒక దినమెల్ల ఓపికతో బొమ్మను కదపుట వేరు. రెండవది పిచ్చికి మందుగా పనిచేయునని మా నమ్మకము.

ఇవియన్నియు నేడు ఫోనులో దృశ్యరూపమున దొరకుచుండగా పత్రిక యెందులకని రెండవ ఆక్షేపణ. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. తెలుగులో చెప్పు దృశ్యములును లేకపోలేదు. వానిని పిల్లలు చూడవలసినదే. కాని చూచుట ఒక విద్య, వ్రాయుట వేరొక విద్య. చేతితో చేసినదానిని వరుస తప్పక, కొలత తప్పక, మరియొకడు చదివి చేయగలుగునట్లు వ్రాయునప్పుడే మాటకొరకు వెదకులాట మొదలగును. ఆ వెదకులాటలో పిల్లవాడు తాతనడుగును, అవ్వనడుగును, ఇరుగుపొరుగు పనివానినడుగును. మరుగుపడిన మాట మరల వెలుగు చూచును. ఫోనులోని దృశ్యము పిల్లవానిని ఎవరినీ అడుగనీయదు.

మన పిల్లలలో చాలమందికి తెలుగు మాటలాడుట వచ్చును గాని లిపి రాదు గదా యనునది మూడవది. ఇది అన్నిటికంటె బాధాకరమైనది, నిజమైనది. దీనికి మాకు తోచిన ఉపాయము, పిల్లవాడు చెప్పగా పెద్దవారు వ్రాయుట. తన మాట అచ్చులో ఎట్లుండునో చూచుకొనుటకైనను ఆ పిల్లవాడు అక్షరములు కూడబలుకుకొనును. తన పేరు, తన మాట అచ్చైన కాగితముకంటె మంచి వాచకపుస్తకము లేదు.

కావున మా ప్రతిపాదన యిది. ఈ పత్రికలో వారమునకు ఒక పుటను 'చేతిపని పుట' యను పేర విడిగా నుంచవలయును. అందులో చేసినవారే వ్రాయవలయును; విని వ్రాసినది, చూచి వ్రాసినది వద్దు. కొలత, కాలము, ఖర్చు స్పష్టముగ చెప్పవలయును. చెడిపోయిన ప్రయత్నమును దాచక చెప్పవలయును. ఏలయనగా చదువరికి దానివలననే ఎక్కువ మేలు. పనిముట్ల పేర్లు ఏ భాషవైనను సరే, పని తెలుగులో చెప్పవలయును. తమిళనాటి తెలుగు, కన్నడనాటి తెలుగు, ఒడిషా తెలుగు, యానాము తెలుగు - ఎవరి మాట వారిది. దానిని దిద్ది ఒక్క మూసలో పోయనక్కరలేదు. ఒకచోట వాడు మాట మరియొకచోట తెలియనప్పుడు రెండు మాటలను ప్రక్కప్రక్కనే అచ్చువేసిన చాలును.

మొదట పిల్లల మాయాదృశ్యములతో ఆరంభింపవచ్చును. వారికి ఆసక్తి అక్కడ నున్నది గనుక. తరువాత షోలాపురమున మగ్గము నడుపువారు, బరంపురమున పట్టు నేయువారు, యానామున గోదావరిపై వల వేయువారు తమ పనులను వ్రాయుటకు ముందుకు రావచ్చును. మద్రాసు స్టూడియోలలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు కొందరైనను మన కుటుంబములలో నుండకపోరు. వారి యొద్దకు యువకులు పోయి, కాగితము కలము పట్టుకొని కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనవలయును. ఈ పని రేపటికి వాయిదా వేయదగినది కాదు. పెద్దల వయస్సు మనకొరకు ఆగదు.

డోహ్లరుకు ఏడేండ్లలో దొరకినవి పదునొకండు సంచికలు. మనకు ఏడాదికి ఏబదిరెండు వారములు గలవు. పుట యొకటి, వారమొకటి, వ్రాయువారు కావలయును. పాఠకులు తమ యభిప్రాయములను, అంతకంటె ముఖ్యముగ తాము చేసిన పనుల వివరములను కార్యాలయమునకు పంపవలయునని కోరుచున్నాము. మొదట వచ్చిన వ్యాసము ఎంత చిన్నదైనను, ఎంత కాలమునకు వచ్చినను, దానితోనే ఆ పుటను ప్రారంభించెదము.